మీకు తెలుసా? ఉప్పల్‌లో పెంచేదీ కీసరలో పీకేదీ ఒకే గడ్డి

ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియంలో బంతి బౌండరీ దాకా దొర్లేది గరిక మీదే. క్యూరేటర్లు దాన్ని బర్ముడా అంటారు, నర్సరీలో అడిగినా అదే పేరు చెబుతారు. అట్లాంటిక్‌లో ఉన్న బర్ముడా దీవుల్లో పుట్టిన గడ్డి మాత్రం కాదది. ఆఫ్రికా, ఆసియా నేలల మీద వేల ఏళ్లుగా పాకుతున్న సైనోడాన్ డాక్టిలాన్. వినాయక చవితి నాడు ఇరవయ్యొక్క పత్రిలో జంటగా పెట్టేది ఇదే, కీసర వైపు ఎర్ర చెల్కల్లో రైతులు విసిగిపోయి పీకి గట్టు మీద పారేసేదీ ఇదే.

2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా జట్ల వన్డేతో ఉప్పల్ మైదానం అంతర్జాతీయ క్రికెట్‌లోకి అడుగుపెట్టింది. 2024 ఐపీఎల్‌లో ఉత్తమ పిచ్, మైదానం పురస్కారం కూడా హైదరాబాద్‌కే వచ్చింది. ఆ సీజన్‌లో సిక్సర్లు కొట్టినవాళ్ల పేర్లు మనకు నోటికి వచ్చు. ఎండలో ఆ గడ్డిని కాపాడిన మాలీల పేర్లు తెలియవు. ఈసారి ముచ్చట్లన్నీ వాళ్ల పని గురించే. వాళ్ల పని అత్యంత కష్టంగా ఉండే చోటు గోల్ఫ్ మైదానం కాబట్టి ఎక్కువగా అక్కడికే వెళ్దాం.

ప్రపంచ కలుపు పట్టికలో గరికది రెండో స్థానం

1977లో లీరాయ్ హోమ్, ఆయన సహచరులు ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో మొదటి స్థానం తుంగది, రెండోది గరికది. మూడు, నాలుగు స్థానాలు వరి మళ్లను పట్టి పీడించే ఊద జాతి గడ్డి రెండింటివి. ఐదోది రాగికి దగ్గరి చుట్టమైన ఎల్యూసైన్ ఇండికా. గోల్ఫ్ క్లబ్బులు లక్షలు పోసి పరిపించే గడ్డి, పత్తి రైతుకు కూలి ఖర్చు పెంచే గడ్డి ఒకే పట్టికలో రెండో పేరు కావడం వింతగా ఉంటుంది గానీ, కారణం ఒక్కటే. గరికకు నేల పైన పాకే తీగలున్నాయి, నేల లోపల పాకే కాడలూ ఉన్నాయి. గుంటుక తోలితే అవి ముక్కలవుతాయి. గణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్లీ వేరు పోసుకుంటుంది. చేలో శాపమైన ఈ గుణమే మైదానంలో వరం. బౌలర్ బూటు చీల్చిన చోటు, గోల్ఫ్ కర్ర లేపేసిన చోటు, రెండూ కొన్ని వారాల్లో వాటంతటవే పూడిపోతాయి.

ఎండంటే దీనికి ఇష్టం. 30 డిగ్రీలు దాటాకే ఊపందుకుంటుంది. నీడంటే పడదు. చెట్ల కింద లాన్ పలచబడిపోతోందని ఎరువు మీద ఎరువు వేసేవాళ్లుంటారు. అక్కడ కావలసింది వెలుతురు, ఎరువుతో పని జరగదు.

రోజూ కోసినా ఎందుకు చావదు?

చాలా మొక్కలకు ఎదుగుదల చిటారు కొసలో ఉంటుంది. గడ్డికి అది అడుగున, నేలను ఆనుకొని ఉంటుంది. పశువు మేసినా, మూవర్ కోసినా పోయేది పాత ఆకు కొస మాత్రమే. కింద నుంచి కొత్త ఆకు తోసుకుంటూ వస్తూనే ఉంటుంది. ఒక్కసారి కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయకూడదన్నది మాలీలు తప్పని నియమం. నెల రోజులు వదిలేసి ఒకేసారి బోడిగుండు కొట్టిస్తే గడ్డి వేర్లను వదులుకొని ఆకుల కోసం పాకులాడుతుంది. ఆ ఖాళీలోకే కలుపు దిగుతుంది. మన కాలనీ పార్కులు చాలావరకు పాడయ్యేది ఇలాగే.

గడ్డి కోసే యంత్రం పుట్టింది బట్టల మిల్లులో. ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్, నేసిన ఉన్ని బట్ట మీద నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో 1830లో మూవర్ చేశాడు. అంతకుముందు మైదానాలను గొర్రెలు మేసేవి, లేదా కొడవళ్లు కోసేవి.

రెండు రూపాయి నాణేల ఎత్తు

జెండా పాతి ఉండే నున్నటి చోటును గోల్ఫ్‌లో గ్రీన్ అంటారు. అక్కడ గడ్డి ఎత్తు 3 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. బంతి దారి పొడవునా ఉండే ఫెయిర్‌వేలో 12 నుంచి 15 మిల్లీమీటర్లు, పక్కన ఉండే రఫ్‌లో అంతకు రెండు మూడింతలు ఉంచుతారు. గ్రీన్‌ను తెల్లారకముందే రోజూ కోస్తారు. ఒకరోజు తూర్పు పడమరలుగా కోస్తే మర్నాడు ఉత్తర దక్షిణాలుగా కోయాలి. ఒకే దిక్కున కోస్తే ఆకు అటే వాలిపోయి బంతి దారి తప్పుతుంది.

కోత కత్తి పదునే సగం ఆరోగ్యం. గ్రీన్ మీద వాడేది గుండ్రంగా తిరిగే సిలిండర్ మూవర్. దాని అంచులు అడుగున ఉన్న పట్టీకి రాసుకుంటూ కత్తెర పని చేస్తాయి. పదును పోయిన కత్తి ఆకును కోయదు, చింపుతుంది. కోసిన మర్నాడు మైదానం తెల్లగా, పీచుపీచుగా కనిపిస్తే గడ్డికి తెగులు పట్టిందనుకుంటాం. ముందు కత్తి చూసుకోవాలి. ఆ చిరిగిన కొసల గుండానే బూజు తెగుళ్లు లోపలికి వెళ్తాయి.

గ్రీన్ మీద బంతి ఎంత వేగంగా దొర్లుతుందో కొలవడానికి ఒక సాధనం ఉంది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ గోల్ఫర్ దాన్ని చెక్కతో చేశాడు. ఇప్పుడు వాడేది 36 అంగుళాల అల్యూమినియం పట్టీ. దాని గాడిలో బంతిని పెట్టి మెల్లగా ఎత్తితే 20 డిగ్రీల దగ్గర బంతి జారి దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లితే గ్రీన్ వేగం అంత. మన కంటికి ఒకేలా కనిపించే రెండు గ్రీన్‌ల మధ్య మూడు నాలుగు అడుగుల తేడా ఉండవచ్చు.

బంతి పడే గుంత వెడల్పు 4.25 అంగుళాలు. 1891 నుంచి ఇదే కొలత. ఆ గుంత ఎప్పుడూ ఒకేచోట ఉండదు. చుట్టూ తొక్కుడు పడి గడ్డి నలుగుతుంది కాబట్టి ఇంకోచోట కొత్తది తవ్వి, అక్కడ తీసిన మట్టితోనే పాత గుంతను పూడుస్తారు.

ఇక ఇసుక. గ్రీన్ కింద ఉండేది తోట మట్టి కాదు. 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం ఖరారు చేసిన పద్ధతి ప్రకారం అడుగున కంకర, దాని మీద సుమారు 30 సెంటీమీటర్ల మందాన ఎక్కువగా ఇసుకే ఉన్న పొర ఉంటాయి. వాన వెలిసిన కాసేపటికే ఆట మొదలవడానికి కారణం అదే. క్రికెట్ పిచ్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లెక్క. అక్కడ బంకమట్టిని రోలర్‌తో గట్టిగా అణచాలి. గడ్డి వేర్లు లోపలి తేమను తాగుతూ మట్టిని పట్టి ఉంచుతాయి. ఒకే స్టేడియంలో 22 గజాల మేర ఒక వ్యవసాయం, దాని చుట్టూ ఇంకో వ్యవసాయం నడుస్తుంటాయి.

గోల్ఫ్ గడ్డి చేసినాయనే సజ్జలు కూడా ఇచ్చాడు

ఈ కథ నాకు మిగతా అన్నింటికంటే ఇష్టం. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1936లో చేరాడు. పత్తి రైతులు పీకి పారేస్తున్న గరిక మీదే ఆయన పని మొదలుపెట్టి, 1943లో పశువుల మేతకు కోస్టల్ అనే రకాన్ని ఇచ్చాడు. తర్వాత మన గరికను, దక్షిణాఫ్రికాకు చెందిన సన్నాకు గరికతో కలిపాడు. టిఫ్‌గ్రీన్ 1956లో, టిఫ్‌వే 1960లో, టిఫ్‌డ్వార్ఫ్ 1965లో వచ్చాయి. వేడి దేశాల గోల్ఫ్ గ్రీన్‌లన్నీ వీటితో, వీటి వారసులతో మారిపోయాయి.

మన గరికలో 36 క్రోమోజోములు, ఆ ఆఫ్రికా గరికలో 18. వాటి బిడ్డకు 27 వచ్చాయి. ఇది జంటలుగా విడిపోని లెక్క కాబట్టి ఆ గడ్డికి విత్తనం కట్టదు. మనం తినే అరటికి గింజ లేకపోవడానికి కూడా మూడు సెట్ల క్రోమోజోములే ఒక కారణం. అరటిని పిలకతో నాటినట్టే హైబ్రిడ్ బర్ముడాను తీగ ముక్కలతోనో, గడ్డి పరుపులతోనో నాటాలి. ఆ రకాల పేరు చెప్పి ఎవరైనా విత్తనాల పొట్లం అమ్మితే నమ్మకండి.

ఇదే బర్టన్ సజ్జల మీద కూడా పనిచేశాడు. టిఫ్ట్ 23ఎ అనే మగ వంధ్యత్వం గల సజ్జ రకాన్ని తయారుచేసి ఇతర దేశాలకు పంచాడు. లుధియానాలో దిల్‌బాగ్ సింగ్ అథ్వాల్ దాన్ని తీసుకొని మన దేశపు తొలి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బీ-1ను తెచ్చారు. అది 1965లో విడుదలైంది. దేశంలో సజ్జల ఉత్పత్తి అయిదేళ్లలో రెట్టింపు దాటింది. తర్వాత వెర్రికంకి తెగులు ఆ హైబ్రిడ్‌లను దెబ్బతీసింది. ఆ తెగులును తట్టుకునే సజ్జల కోసం మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దశాబ్దాలు శ్రమించింది. పేదవాడి రొట్టెకూ ధనవంతుడి ఆటకూ ఒకే మనిషి గింజ, గడ్డి అందించాడన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

సొంత చుట్టమే కలుపైతే

హైబ్రిడ్ గరిక పరిచిన గ్రీన్‌లోకి నాటు గరిక చొరబడటం వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాలకు పెద్ద తలనొప్పి. గాలికి, బూట్లకు, పక్షులకు, మూవర్‌కు అంటుకొని వస్తుంది. ముదురు పచ్చటి గ్రీన్ మధ్యలో లేతరంగు మచ్చ కనబడుతుంది, ఆకు కాస్త వెడల్పుగా, కణుపులు దూరదూరంగా ఉంటాయి. రెండూ ఇంత దగ్గరి చుట్టాలు కాబట్టి ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని వదిలే మందు దొరకదు. గుండ్రంగా కోసి, లోపలి కాడలతో సహా లేపి, పక్కన పెంచుకున్న నర్సరీ మడి నుంచి తెచ్చిన పరుపును అక్కడ అతకడమే దారి. అందుకే మంచి మైదానాలన్నీ ఓ మూల సొంత గడ్డి మడిని పెంచుకుంటాయి.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం ఉంది, వృత్తి గోల్ఫర్ల పోటీలు కూడా అక్కడ జరుగుతాయి. నాలుగు శతాబ్దాల నాటిదని చెప్పే ఏనుగు చెట్టు, బావోబాబ్, ఆ ఆవరణలోనిదే. చారిత్రక కోటలో మట్టి పనులు చేయడం మీద వారసత్వ ప్రేమికులు గట్టి అభ్యంతరాలే చెప్పారు. వాళ్ల మాటలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. గడ్డిని మళ్లీ పరచుకోవచ్చు, తవ్వేసిన కుతుబ్‌షాహీ నేలను మళ్లీ పరచలేం. అదలా ఉంచితే, తెలుగు నేల మీద గోల్ఫ్ పాతదే. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది.

తుంగ గడ్డి కాదు

కాడను రెండు వేళ్ల మధ్య పట్టుకొని తిప్పి చూడండి. మూడు అంచులు తగిలితే తుంగ. గడ్డి కాడ గుండ్రంగానో, బల్లపరుపుగానో ఉంటుంది. ఈ తేడా తెలియకనే చాలామంది గడ్డి మందు కొట్టి డబ్బు పోగొట్టుకుంటారు. గడ్డి జాతిని చంపే మందు తుంగను ఏమీ చేయదు.

కుర్పీతో తవ్వితే నల్లటి గడ్డలు దారానికి గుచ్చినట్టు వరుసగా వస్తాయి. పైనున్న మొక్క బతికున్నంతకాలం కింది గడ్డల్లో చాలావరకు నిద్రలో ఉంటాయి. మొక్కను లాగేసి గొలుసు తెంపితే అవి లేస్తాయి. ఒక్కటి పీకితే వారానికి మూడు మొలిచాయని వాపోయేవాళ్లు చెప్పేది నిజమే. చెరకు వంటి పంటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఆకుల నుంచి గడ్డల్లోకి దిగి పనిచేస్తుంది. దాన్ని వాడే ముందూ తర్వాతా కొన్ని రోజులు కోత ఆపాలి. ఆకే లేకపోతే మందు దిగే దారి లేదు. పూర్తిగా పోవడానికి ఒక సీజన్ సరిపోదు. ఇన్ని తిట్లు తినే ఈ గడ్డలనే మూలికల దుకాణంలో తుంగముస్తలంటూ తూచి అమ్ముతారు.

దారి మీద మొలిచే రాగి చుట్టం

మైదానంలో జనం నడిచి నడిచి నేల బండబారిన చోట గరిక వెనక్కి తగ్గుతుంది. అక్కడ ఎల్యూసైన్ ఇండికా దిగుతుంది. నేలకు అతుక్కొని చక్రంలా పరుచుకుంటుంది. మొదలు తెల్లగా, వెండిరంగులో, చదునుగా ఉంటుంది. కంకి వేళ్లలా చీలి రాగి కంకిని గుర్తుచేస్తుంది. మనం తినే రాగి పూర్వీకుల్లో ఇదీ ఒకటి. మందులకు లొంగకపోవడంలో దీనికి పేరుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే మొక్కలు 1997లోనే మలేసియాలో బయటపడ్డాయి. దీన్ని మందుతో కంటే మట్టి గుల్ల చేసి గెలవడం తేలిక. బోలు మేకుల యంత్రంతో నేలలోంచి మట్టి కణికలు తీసి, ఆ రంధ్రాల్లో ఇసుక నింపితే గరిక తిరిగి పుంజుకొని దాన్ని తోసేస్తుంది.

పెబుల్ బీచ్‌లో కలుపే రాజు

అమెరికాలోని చల్లటి ప్రాంతాల మాలీలు దశాబ్దాలుగా పోవా అన్యువా అనే గడ్డితో పోరాడుతున్నారు. 3 మిల్లీమీటర్లకు కోసినా అది పూత పూసి విత్తనం రాలుస్తుంది. అయితే ప్రపంచ ప్రసిద్ధమైన పెబుల్ బీచ్ గ్రీన్‌లు ఆ గడ్డివే. గెలవలేమని తెలిశాక వాళ్లు దాన్నే సాకడం నేర్చుకున్నారు. మన వేడిలో ఆ గడ్డి నిలవదు కాబట్టి హైదరాబాద్‌కు ఆ బాధ లేదు.

మూసీ ఒడ్డున పారా గడ్డి

ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ, పర్వతాపురం, కాచవానిసింగారం వైపు మూసీ వెంట వెళ్తే మనిషి నడుము దాకా ఎదిగిన ముదురు పచ్చ గడ్డి మళ్లు కనిపించేవి. కొన్ని ఇంకా ఉన్నాయి. అది పారా గడ్డి. ఆఫ్రికా నుంచి బ్రెజిల్ మీదుగా ప్రపంచమంతా తిరిగింది. నగరం వదిలిన మురుగునీరే దానికి నీరు, ఎరువు. ఒకసారి కాడలు నాటితే ఏళ్ల తరబడి కోతకొస్తుంది. వరి పండించడం కష్టమైన ఆ నీటిలో ఈ గడ్డి ఎన్నో కుటుంబాలకు నగదు పంటైంది. కోసిన మోపులు నగరంలోని గేదెల కొట్టాలకు వెళ్లేవి, ఆ పాలు మళ్లీ మన ఇళ్లకు వచ్చేవి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు మూసీ వెంట ఈ వ్యవసాయాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేశారు.

ఇదే పారా గడ్డి ఆస్ట్రేలియాలో కాకడు జాతీయ వనంలోని చిత్తడి నేలలను కమ్మేసింది. అక్కడ దాన్ని తీసేయడానికి ప్రభుత్వమే డబ్బు ఖర్చు పెడుతోంది. మురుగునీటి గడ్డి విషయంలో మనకూ ఒక జాగ్రత్త కావాలి. పరిశ్రమల నీరు కలిసిన చోట భార లోహాలు గడ్డిలోకి, పాలలోకి చేరే ప్రమాదం ఉంటుంది. కోసే కూలీలు గంటల తరబడి ఆ నీళ్లలో నిలబడతారు. మురుగును శుద్ధి చేసి వదిలితే వాళ్ల కాళ్లూ బాగుంటాయి, గడ్డీ బాగుంటుంది. శుద్ధిచేసిన నీటితో గోల్ఫ్ మైదానాలు తడపడం చాలా దేశాల్లో మామూలు విషయం. అక్కడ తాగునీటిని గడ్డికి పోయడాన్ని తప్పుగా చూస్తారు. మనమూ అలాగే చూడాలి.

మందు డబ్బా ఎత్తేముందు

2,4-డి అనే మందు వెడల్పాకు కలుపును చంపి గడ్డిని వదిలేస్తుంది. అందుకే 1945 నుంచి లాన్‌ల మీద ఇంత వాడకం. కానీ పత్తికి అది విషం. గాలికి కొట్టుకుపోయిన కాస్త తుంపరకే పక్క చేలో పత్తి ఆకులు సన్నగా చీలికలై ముడుచుకుపోతాయి. ఫాంహౌస్ లాన్, పత్తి చేను పక్కపక్కనే ఉండే కీసర, ఘట్‌కేసర్ వైపు ఇది చిన్న విషయం కాదు. గాలి వీచే వేళ కొట్టవద్దు, ఆ స్ప్రేయర్‌ను మరి దేనికీ వాడవద్దు. గ్లైఫోసేట్ విషయంలో తెలంగాణ ప్రభుత్వం 2018లోనే ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని లైసెన్సున్న తెగుళ్ల నివారణ నిర్వాహకులే వాడాలని నిబంధన తెచ్చింది. ఇంటి ముందు గడ్డి మాడ్చడానికి ఎవరంటే వాళ్లు కొట్టే మందు కాదది.

ఈ వానాకాలం లాన్ వేస్తున్నారా?

మేలోనే చదును చేసిన నేలకు నీళ్లు కట్టి కలుపును మొలవనివ్వండి. మొలిచింది లోతుగా తీసేసి మళ్లీ తడపండి. రెండు మూడు విడతలు ఇలా చేస్తే పైపొరలోని విత్తనాల్లో చాలావరకు ఖాళీ అవుతాయి. మృగశిర వానలు పడ్డాక గడ్డి పరచండి. పరుపులు దింపుకునేటప్పుడు ఒక్కొక్కటీ తిరగేసి అడుగు చూడండి, ఎర్రమట్టిలో నల్లటి తుంగ గడ్డ కనిపిస్తే ఆ పరుపు వెనక్కి పంపండి. పెండిమెథాలిన్ లాంటి మందులు విత్తనం మొలవకముందు వాడేవి. మొలిచిన కలుపు మీద అవి పెద్దగా పనిచేయవు. అవి వేర్ల ఎదుగుదలను ఆపుతాయి కాబట్టి కొత్తగా పరిచిన లాన్ మీద వెంటనే వాడితే ముందు దెబ్బతినేది మీ గడ్డే. పరుపు మూల పట్టుకొని లాగితే నేల వదలనంతగా వేరు పట్టి, రెండు మూడు కోతలు పడ్డాకే ఆ ఆలోచన చేయండి. అందాకా కుర్పీ చాలు.